చిల్లు పెట్టని పాల డబ్బా

క్లాంగ్,
మలయా, 26 డిసెంబరు 1955

అన్నయ్యా,

క్షేమంగా చేరాను. మా లారీ వెనక మిలిటరీ బండి వచ్చింది కాబట్టి దారిలో ఎవరూ మమ్మల్ని కాల్చలేదు. అమ్మకు ఈ మాట చెప్పు, కానీ ఇలా చెప్పకు.

ఇక్కడ అందరూ సంతోషంగా ఉన్నారు. నిన్న క్రిస్మస్ ఆరాధన అయ్యాక, మా చర్చి స్త్రీల సంఘం అధ్యక్షురాలు మిసెస్ పెల్హామ్ లేచి, మీ రబ్బరు తోటలో కూలీల ముఖాల మీద వెలుగు చూశానని చెప్పింది. ఆ వెలుగు నేనూ చూశాను. అది ఎదురెండ. వాళ్ళను పడమటి వైపు తిప్పి నిలబెట్టి మేము నీడలో బల్లలు వేసుకున్నాం.

నాకు కోపంగా ఉంది. ఎవరితో అనాలో తెలియక నీకు రాస్తున్నాను. చర్చి నాకు బళ్ళో పని ఇచ్చింది, హాస్టల్లో గది ఇచ్చింది. ఆ సంగతి నేను మరిచిపోతానేమోనని ఇక్కడ ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉంటారు. అరవం, తెలుగు వచ్చినదాన్నని మొన్న మీ తోటలో పండుగ కానుకలు పంచడానికి నన్ను వెంట తీసుకువచ్చారు. ప్రతి ఇంటికీ ఒక దుప్పటి, బిస్కట్లు, పసిబిడ్డ యేసు బొమ్మ ఉన్న కార్డు, ఒక పాల డబ్బా. డబ్బా ఇచ్చేముందు మిసెస్ పెల్హామ్ మేకు ఆనించి సుత్తితో రెండు దెబ్బలు కొట్టేది. రెండు చిల్లులు. తరవాత నవ్వి, పండుగ శుభాకాంక్షలు చెప్పేది.

చట్టం నాకూ తెలుసు. చిల్లు లేని డబ్బా అడవిలో దాగి సర్కారుతో పోరాడుతున్న కమ్యూనిస్టులకు చేరుతుంది, చిల్లు పడిన డబ్బాలో పాలు పులిసిపోతాయి. అంగడివాడూ పొడిచే ఇస్తాడు. కానీ అంగడివాడు దాన్ని కానుక అనడు.

మన ఇంటి వెనక కూలీల లైన్లో ఉండే దేవుడమ్మ, చిన్నప్పుడు నాకు జడలు వేసిన దేవుడమ్మ, తన వంతు రాగానే నా చెవి దగ్గర అంది:

"బుల్లమ్మా, సిల్లు నేనిది ఒకటియ్యి నాకు."

"ఎందుకు?"

"సీతకి ఆడగుంట పుట్టింది కదేటి. తొలి పురుడు నా ఇంట పోయాల. తోట కంచె దాటడానికి దానికి పర్మిట్ ఇవ్వనేదు. సారైనా అట్టుకెల్లొద్దా? సిల్లడిపోయింది సారెలో ఎడితే ఆ వియ్యపురాలు నా మొకాన ఇసిరికొడతాది."

నీకు వివరించనక్కరలేదు. సారెలో పగిలినది, ఓటిది, చిల్లు పడినది పెట్టరు. పురిటింటికి అది కీడు. మిసెస్ పెల్హామ్‌కు అది వివరించడం నా ఇంగ్లీషు వల్ల కాలేదు. ఆమె టీ కోసం లేచినప్పుడు, చిల్లు పెట్టని డబ్బా ఒకటి దుప్పటి మడతలో పెట్టి దేవుడమ్మ చేతికి ఇచ్చాను.

నా జీవితంలో సిగ్గుపడకుండా చేసిన పని అదొక్కటే అనిపిస్తోంది.

అమ్మకు దగ్గు తగ్గిందా?

నీ చెల్లెలు
రత్నావతి


తోట ఆఫీసు, బటాంగ్ బెర్జుంటై,
31 డిసెంబరు 1955

చి. రత్నావతికి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం బుధవారం అందింది. చదివి పొయ్యిలో పెట్టాను. ఇక మీదట ఇటువంటివి టపాలో వేయకు, ఈ ఉత్తరం తెచ్చే లారీ డ్రైవరు చేతికే ఇవ్వు. తోట టపా ఎవరెవరి చేతుల్లో పడుతుందో గుమస్తాను, నాకు తెలుసు.

గురువారం దేవుడమ్మను గేటు దగ్గర పట్టుకున్నారు. సారె మూట పట్టుకుని రోడ్డుకు అవతల ఉన్న తోట రెండో డివిజన్‌కు, సీత ఇంటికి వెళుతోంది. పసుపు, కుంకుమ, గాజులు, పసిదానికి మొలతాడు, మధ్యలో నీ డబ్బా. ఆడవాళ్ళను తడిమి చూసే పని అచ్చమ్మది. మన అచ్చమ్మే. ఆమె డబ్బాను పైకి తీసేసరికి కార్పొరల్ చూశాడు. ఆ సాయంత్రమే దేవుడమ్మను కువాలా సెలాంగూర్ పోలీసు ఠాణాకు తీసుకుపోయారు.

మేనేజరు మీ మిసెస్ పెల్హామ్‌కు ఫోన్ చేశాడు. నేను ఆ గదిలోనే ఉన్నాను. ప్రతి డబ్బాకూ తన చేత్తో చిల్లు పెట్టానని ఆమె చెప్పింది. అంటే ఈ డబ్బా చర్చి ఇచ్చినది కాదని తేలిపోయింది. అడవిలో వాళ్ళ కోసం దాచినదని తేలిపోయింది. బాలింగ్‌లో వాళ్ళతో సర్కారు సంధి మాటలు తెగిపోయాయి, రేడియోలో వినే ఉంటావు. ఇప్పుడు ఎవరికీ దయ లేదు. జైలు, లేదా ఓడ ఎక్కించి విశాఖపట్నం పంపేయడం. దేవుడమ్మ ఈ దేశానికి తల్లి చంకలో వచ్చింది. అక్కడ దిగితే ఆమెను గుర్తుపట్టేవాళ్ళు ఎవరూ లేరు.

జరిగింది జరిగింది. నువ్వు నోరు తెరిస్తే ఆమెతోపాటు నిన్నూ తీసుకుపోతారు. డబ్బా ఇచ్చినవాళ్ళను కూడా చట్టం వదలదు.

ఇంకొకటి. నువ్వు మతం పుచ్చుకున్నావని లైన్లలో అంటున్నారు. కానుకల రోజు పాటల పుస్తకం పట్టుకుని నోరు కదపడం అందరూ చూశారట. నిజమైతే నాకు ముందు చెప్పాల్సింది. అమ్మ అన్నం సరిగా తినడం లేదు.

కాంతయ్య


క్లాంగ్,
5 జనవరి 1956

అన్నయ్యా,

మతం సంగతి ముందు. పుచ్చుకోలేదు. పాట రాదు కాబట్టి నోరు కదిపాను. అమ్మను అన్నం తినమను.

దేవుడమ్మను పట్టుకున్నారని చదివాక రెండో పేజీలో నువ్వు నా మతం గురించి అడిగావు. 

మిసెస్ పెల్హామ్ దగ్గరికి వెళ్ళాను. ఆమె పశువుల పాక బొమ్మలను గడ్డిలో చుట్టి వచ్చే క్రిస్మస్‌కు పెట్టెలో సర్దుతోంది. చిల్లు లేని డబ్బా నేనే ఇచ్చానని చెప్పాను.

"రత్నా, నువ్వు బెదురు పిల్లవి. ఆ ఎండకు నీకు ఏదో గందరగోళం అయ్యి ఉంటుంది."

"లేదు మేడమ్. మీరు టీకి వెళ్ళినప్పుడు ఇచ్చాను."

"ప్రతి డబ్బా నా చేతుల మీదుగా వెళ్ళింది. మేనేజరుకు మాట ఇచ్చాను. ఇప్పుడు నన్ను అబద్ధమాడినదాన్ని చేస్తావా?"

ఇంత మాట అని, గొర్రెపిల్ల బొమ్మ చెవి విరిగి ఉంటే, జిగురు తెమ్మని నన్నే పంపింది. తెచ్చి ఇచ్చాను. అదీ నా ధైర్యం.

తరవాత పాదిరి గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మంచివాడు. అందుకే ఆయన మీద కోపం ఇంకా ఎక్కువ. నేను చెప్పింది నమ్మాడు. మొత్తం విన్నాడు. విని, ఇది బయటపడితే తోటల్లోకి రావడానికి మనకిచ్చిన అనుమతి పోతుంది అన్నాడు. మందుల బండి ఆగిపోతుంది, పిల్లలకు పాలు ఆగిపోతాయి, ఒక్క స్త్రీ కోసం ఇంతమందిని కష్టపెట్టడం న్యాయమా, నువ్వే ఆలోచించు అన్నాడు. దేవుడమ్మ కోసం ప్రార్థన చేస్తానన్నాడు. పేరు ఎలా పలకాలో అడిగి తెలుసుకున్నాడు.

తొంభై తొమ్మిది గొర్రెలను కొండ మీద వదిలి, తప్పిపోయిన ఒక్కదాని కోసం వెళ్ళిన కాపరి కథ మా బళ్ళో చెప్పింది ఈయనే. ఆ కాపరి బొమ్మకు పిల్లల చేత రంగులు వేయించింది నేను. ఇంకా గోడ మీదే ఉంది.

నువ్వు మేనేజరుతో ఒక్క మాట చెప్పు. నా చెల్లెలు ఇచ్చింది అని. అంతే.

రత్నావతి


తోట ఆఫీసు,
10 జనవరి 1956

రత్నావతికి,

నోరు మూసుకో అన్నాను. నువ్వు పాదిరి దగ్గరికి వెళ్ళావు. పాదిరి మేనేజరుకు ఫోన్ చేశాడు. మేనేజరు నన్ను లోపలికి పిలిచి కూర్చోమన్నాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఆయన ముందు కూర్చోమనడం అదే మొదటిసారి.

"మీ చెల్లెలికి ఆరోగ్యం బాగా లేదట కదా?" అన్నాడు.

"అవును సార్" అన్నాను.

ఇంకేం అనమంటావు? మనం ఉంటున్న ఇల్లు తోటది. అమ్మకు మందు ఇచ్చే ఆసుపత్రి తోటది. నీ కాన్వెంటు చదువుకు నాన్నకు చేబదులు ఇచ్చింది తోట. నువ్వు పుస్తకాలు చదివి నిజం అనేదాన్ని పైట మీద పిన్నులా గుచ్చుకు తిరుగుతున్నావు. మాకు పైటలు లేవు.

దేవుడమ్మ పోలీసులకు ఏం చెప్పిందో తెలుసా? డబ్బా అంగట్లో కొన్నానందట. నీ పేరు ఎత్తలేదు. ఏ అంగడి అంటే నోరు విప్పదు. దాంతో ఆమెకు ఇంకా చెడింది. చిల్లు పెట్టకుండా అమ్మే అంగడివాడిని కాపాడుతోందని అనుకుంటున్నారు. ఆమె ఎవరిని కాపాడుతోందో నీకు తెలుసు, నాకు తెలుసు. ఆమె అంత కష్టపడి మూసుకున్న నోటిని నువ్వు తెరిచి పోగొట్టకు. ఇది నా ఆజ్ఞ అనుకో.

అమ్మ పక్కన నిలబడి ఇలా రాయమంటోంది: "ఒలే అమ్మీ, నువ్వు సెప్పీయే. మీ అన్నకి బయమెక్కువ, ఆడి నాన్నా అంతే. ఆ దేవుడమ్మి ఇంకా మనవరాలి మొకం సూడనేదు. ఏటి, రాసినావా? ఆడు రాయడు. ఒరే, నేను సెప్పినట్టు రాసినావా నేదా?"

అమ్మకు చదువు రాదు. రాయకపోయినా ఆమెకు తెలియదు. అయినా రాశాను. నా నుంచి ఇంతకంటే ఆశించకు.

కాంతయ్య


క్లాంగ్,
16 జనవరి 1956

కాంతయ్య గారికి,

నా ఆరోగ్యం బాగానే ఉంది.

నిన్న చర్చి హాలులో టీ విందు జరిగింది. క్రిస్మస్ సేవలు చేసినవాళ్ళను మెచ్చుకోవడానికి. ఎవరు ఏ తోటకు వెళ్ళారు, ఎన్ని దుప్పట్లు పంచారు, అన్నీ చదివారు. మీ తోట పేరు వచ్చింది. మిసెస్ పెల్హామ్ లేచి, ఒక విచారకరమైన సంగతి జరిగింది, మన మంచితనాన్ని ఒకామె దుర్వినియోగం చేసింది, అయినా మనం మంచి చేయడం మానకూడదు అంది. అందరూ తల ఊపారు.

నేను ఎక్కడైనా లేచి మాట్లాడడం మీరు చూశారా? బళ్ళో పద్యం చెప్పమంటే నాకు జ్వరం వచ్చేది. నిన్న లేచాను. కప్పు చేతిలోనే ఉంది, కింద పెట్టడం మరిచిపోయాను.

"ఆమె ఏమీ దుర్వినియోగం చేయలేదు. చిల్లు లేని డబ్బా అడిగింది, నేను ఇచ్చాను. మీకూ పాదిరి గారికీ ఈ సంగతి పది రోజులుగా తెలుసు" అన్నాను.

 ఒకామె నా పక్కనున్న ఆవిడను కేకు ఇంకో ముక్క కావాలా అని అడిగింది. నాకు వాళ్ళు తిట్టినా అంత కోపం వచ్చేది కాదు. పాదిరి గారు తన చేతుల వైపు చూసుకుంటున్నారు. ఈ ఉదయం వార్డెన్ వచ్చి, నెలాఖరుకు గది ఖాళీ చేస్తే మంచిదని చెప్పింది. బళ్ళో కూడా, పిల్లలు నాకు అలవాటు పడకముందే, వేరే టీచర్ని చూసుకుంటారట. పిల్లలు నాకు అలవాటు పడి రెండేళ్ళయింది.

ఇక మీతో ఒక మాట. నా ఉత్తరం బుధవారం అందిందని మీరే రాశారు. దేవుడమ్మను పట్టుకున్నది గురువారం. సారె మూటలను అచ్చమ్మ పైపైన తడిమి వదిలేస్తుందని అమ్మ చాలాసార్లు చెప్పింది. మరి ఆ రోజు అడుగుదాకా ఎందుకు వెతికింది? ముందుగా ఆమెతో చెప్పింది ఎవరు?

జవాబు రాయకపోయినా నాకు అర్థమవుతుంది. కేసు ఈ నెల 26న అని పాదిరి గారి గుమస్తా చెప్పాడు. నేను వెళుతున్నాను.

రత్నావతి


20 జనవరి 1956

రత్నా,

అచ్చమ్మతో చెప్పింది నేనే. నువ్వు అనుకున్నట్టు కాదు.

నీ ఉత్తరం చదివిన వెంటనే లైన్లకు పరిగెత్తాను. ఆఫీసు మనిషి పట్టపగలు లైన్లలో పరిగెత్తడం ఎంత వింతో నీకు తెలుసు. డబ్బాకు చిల్లు పెట్టమని దేవుడమ్మను బతిమాలాను.

"ఏటి బాబూ, పురిటిగుంటకి కన్నమెట్టి అట్టుకెల్లమంటావా? నీకు సెల్లెలు నేదేటి?" అంది.

ఇంట్లోనే ఉంచమన్నాను. సారె మంచి రోజు రేపే అంది. వినలేదు. అందుకని గేటు దగ్గరికి వెళ్ళి అచ్చమ్మను పక్కకు పిలిచాను. "రేపు దేవుడమ్మ సారె తీసుకెళుతుంది, మూట మరీ కెలకకు, పసుపు కుంకుమలు ఉంటాయి" అన్నాను. అంతే అన్నాను.

అచ్చమ్మ నా మొహం వంక చూసింది. "ఏటి గుమస్తా బాబూ, నాకు పరీచ్చ ఎడతన్నారా?"

"లేదే, ఊరికే అన్నాను."

ఆమె నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? కిందటి నెల పక్క తోటలో ఇలాగే పరీక్షించారు. పోలీసులే ఒకామె మూటలో బియ్యం పెట్టి పంపారు. చూడకుండా వదిలేసిన తనిఖీ మనిషిని పని నుంచి తీసేశారు. నేను ఎప్పుడూ గేటు దగ్గర అచ్చమ్మతో మాట్లాడినవాణ్ణి కాదు. మేనేజరే నన్ను పంపాడని అనుకుంది. అందుకే మూట మొత్తం విప్పింది. నేను నోరు మూసుకుని ఉంటే దేవుడమ్మ ఆ గేటు దాటిపోయేది.

నోరు మూసుకో, నోరు మూసుకో అని నీకు ఎందుకు రాస్తూ వచ్చానో ఇప్పుడైనా తెలిసిందా? నువ్వు నన్ను గారూ అని రాశావు. నాన్న పోయాక నిన్ను చదివించినవాణ్ణి. ఆ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను, నాకూ కోపం వస్తుంది, నీకు ఒక్కదానికే కాదు.

26న నేను రాను. మేనేజరు సెలవు ఇవ్వడు. అడగలేదు.

అన్నయ్య


క్లాంగ్,
27 జనవరి 1956

అన్నయ్యా,

దేవుడమ్మను వదిలేశారు. ముందు ఇది తెలుసుకో, మిగిలింది తరవాత చదువు.

కోర్టులో తెలుగు తెలిసినవాళ్ళు లేరు. దుబాసీ అరవంలో అడిగాడు. దేవుడమ్మ చిక్కిపోయింది, జుట్టుకు నూనె లేదు. ఏం అడిగినా అదే మాట, అంగట్లో కొన్నాను అని. నేను లేచాను. నా గొంతు మెజిస్ట్రేటుకు వినపడలేదు. గట్టిగా చెప్పమన్నాడు. డబ్బా నేనే ఇచ్చానని గట్టిగా చెప్పాను. దేవుడమ్మ కటకటాల్లోంచి నా మీద అరిచింది: "నువ్వు కూకోయే బుల్లమ్మా! సదువుకున్న గుంటవి, నీకేల ఇది?" దుబాసీ అది అనువాదం చేయలేదు.

చిల్లు లేని డబ్బాయే ఎందుకు అని మెజిస్ట్రేటు అడిగాడు. సంప్రదాయం, ఆచారం అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. నేను చెబుతుంటే నాకే అబద్ధంలా వినిపించింది. అప్పుడు వెనక నుంచి అమ్మ లేచింది. అవును, మన అమ్మే. ఆసుపత్రికి వెళుతున్నానని నీకు చెప్పి వచ్చిందట.

"ఏటి బాబూ, మీ అమ్మాయి పురుడోసుకుంటే నువ్వు కన్నమెట్టిన డబ్బా అట్టుకెల్తావేటి? ఎల్లి సూడు, మీ ఆవిడ గుమ్మం ఎక్కనిస్తాదేమో!"

"ఈమె ఎవరు?" అన్నాడు మెజిస్ట్రేటు.

"మా అమ్మ."

"ఏమంటోంది?"

ఒక్క మాట వదలకుండా చెప్పాను. ఆయన నవ్వలేదు.  తరవాత, చర్చి తరఫున ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

పాదిరి ఉన్నాడు. నేను పిలవలేదు, తనంతట తను వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. లేచి నిలబడ్డాడు. అన్ని డబ్బాలకూ చిల్లులు పెట్టారా అని అడిగితే, "అన్నీ నేను చూడలేదు. ఈ అమ్మాయి అబద్ధం ఆడదు" అన్నాడు. అంతే. కూర్చున్నాడు.

అన్నయ్యా, ఎంత చిన్న మాట. ఊపిరి పీల్చుకునేంత సేపు పట్టలేదు. ఈ మాట నేను చెప్పిన రోజే మేనేజరుకు ఫోన్లో అని ఉంటే దేవుడమ్మ ఇన్ని రోజులు లాకప్పులో పడుకునేది కాదు. అనడం ఇంత తేలికైతే ఇన్నాళ్ళు ఎందుకు అనలేదు? అందరూ ఇప్పుడు ఆయన ధైర్యం గురించి చెప్పుకుంటారు. నేను చెప్పుకోను.

దేవుడమ్మను మందలించి వదిలారు. నా సంగతి పోలీసులు తరవాత చూస్తారట. చూడనీ.

బయట పాదిరి తన కారులో తోట దాకా దింపుతానన్నాడు. వెనక సీట్లో ఒక కొత్త పొట్లం కూడా ఉంది, పిల్ల కోసమట. దేవుడమ్మ ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "మీ పండక్కో దండం బాబూ. మీ కారుకీ ఓ దండం. మేం బస్సుకెల్తాం" అంది. అమ్మ నవ్వింది. నేను ఆ మాట ఇంగ్లీషులోకి మార్చలేదు. ఆయనకు అర్థమైంది.

నాకు ఇక్కడ ఇక గది లేదు. ఆదివారం బస్సుకు వస్తున్నాను. నా పుస్తకాల పెట్టె బరువు, మోయడానికి ఎవరినైనా పంపు. నువ్వు అచ్చమ్మతో అన్న మాట గురించి నేను రోజంతా ఆలోచించాను. నిన్ను అనుమానించినందుకు తల వంచుతాను. కానీ మేనేజరు ముందు కుర్చీలో కూర్చుని "అవును సార్" అన్నావే, దానికి మాత్రం నీ మీద కోపం పోలేదు. నేను ఇంటికి వచ్చినా పోదు. ముందే చెబుతున్నాను.

దేవుడమ్మ సారె మానలేదు. పసిదానికి నెల దాటింది, ఆలస్యమైందని వియ్యపురాలు దెప్పితే దెప్పనీ అంటోంది. సోమవారం పని వేళ అయ్యాక వెళుతుంది. పాల డబ్బా లేదు, మిగిలినవన్నీ అమ్మ సమకూరుస్తుంది. పక్కన నేను నడుస్తాను. నువ్వు మాకంటే ముందే ఆ గేటు దాటి, మేనేజరు కిటికీలోంచి కనిపించే చోట రోడ్డు మీద నిలబడు. అచ్చమ్మ మూట అడుగుదాకా విప్పుతుంది. విప్పనీ.

ఆమెతో మాత్రం ఒక్క మాట కూడా అనకు.

రత్న